అడగని దీవెన

చక్రం మీద గిన్నె అంచు వంకరపోయింది. మునవ్వర్ దాన్ని పిడికిలితో నొక్కేసి మళ్ళీ ముద్ద చేసింది. ఈ ఉదయం అలా చెయ్యడం ఇది మూడోసారి. ఎదురుగా కూర్చుని పని నేర్చుకుంటున్న ఎనిమిది మంది అమ్మాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“అపా, మట్టి ఇవాళ మీ మాట వినట్లేదు. అత్తారింటికి వెళ్ళేది మీరా, నేనా?” అంది ఒయ్దిన్.

అందరూ నవ్వారు. ఒయ్దిన్‌కి వచ్చే వారం పెళ్ళి. నమంగాన్ వెళ్ళి సొంత ఆవం పెట్టుకోవాలని ఆశ. అందుకు గురువు చేతులెత్తి ఫాతిహా చదివి దీవించాలి. ఆ దీవెన లేనివాళ్ళు పళ్ళెం అడుగున తమ పేరు చెక్కకూడదు. ఇంకొకరిని దీవించనూ కూడదు.

మునవ్వర్‌కే ఆ దీవెన లేదు. ఈ పనిలో చేరి ముప్పై నాలుగేళ్ళయినా లేదు.

పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. కుడి బొటనవేలు బయటికి వంగిపోయింది. గోళ్ళలో పాత్రలకు పూసే మెరుగు నీలం ఎంత కడిగినా పోదు. ఆ చేతులు తుడుచుకుని లేచింది. రిష్టాన్ వీధుల్లో తన గురువు ఉస్తా ఖోల్మత్ ఇంటికి నడిచింది.

పదిహేడో ఏట ఫర్గానా అనాథాశ్రమం వాళ్ళు ఆమెను ఇక్కడి పాత్రల ఫ్యాక్టరీకి పంపారు. ఇంకా కాల్చని పచ్చి గిన్నెలు పేర్చిన పలకలు మోసే పని. రెండోరోజే పలక జారింది. ఇరవై గిన్నెలు నేలపాలయ్యాయి. దెబ్బల కోసం కళ్ళు మూసుకుంది.

“కాలనిది పగలదు పిల్లా, మళ్ళీ మట్టవుతుంది. తొక్కు,” అన్నాడు అక్కడ పని నేర్పే ఉస్తా.

సాయంత్రం దాకా తొక్కింది. దెబ్బ పడకుండా గడిచిన మొదటి తప్పు అది. ఇక మట్టిని వదల్లేదు. మీ నాన్న ఎవరని ఆయన అడిగితే మాత్రం సిగ్గేసింది. కోకండ్‌లో రైల్వే పని అని చెప్పింది.

తోటి మగపిల్లలకు ఐదారేళ్ళలో, తండ్రులు రొట్టెలు పట్టుకొచ్చిన రోజున, దీవెన దొరికింది. ఉస్తా కబురు పెడితేనే తండ్రులు వస్తారని అనుకుంది. తను ఆడది కాబట్టే కబురు రాలేదనుకుంది. పెళ్ళి చేసుకోలేదు. నోరు తెరిచి అడగనూ లేదు.

ఎనభై ఎనిమిదేళ్ళ ఉస్తా ద్రాక్షపందిరి కింద బల్ల మీద కూర్చుని ఉన్నాడు. కోడలు సబోహత్ టీ పోస్తోంది.

“ఉస్తా, నన్నెందుకు దీవించలేదు?”

“మీ నాన్న రాలేదుగా.”

“మా నాన్నా?”

“తండ్రి రెండు రొట్టెలు తెచ్చి అడగాలి. అడగందే నేనెలా చేతులెత్తను? కూతుర్ని మట్టిపనికివ్వడం ఆయనకి ఇష్టం లేదనుకున్నా. కోకండ్ నుంచి గంట ప్రయాణం. ముప్పై నాలుగేళ్ళు చూశాను. అదేం రైలే?”

మునవ్వర్ ఒక అడుగు ముందుకేసింది.

“నాకు నాన్న లేడు ఉస్తా. ఎప్పుడూ లేడు. అబద్ధం చెప్పాను.”

సబోహత్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ముసలాయన టీ పక్కన పెట్టాడు.

“పిచ్చి మొద్దూ,” అన్నాడు. “వెళ్ళు. నీ రొట్టెలు నువ్వే తే.”

యాభై ఒక్కేళ్ళ మునవ్వర్ పరుగెత్తింది. వీధి చివర తందూరు దగ్గర రెండు వేడి రొట్టెలు కొని తలగుడ్డలో చుట్టుకుంది. తిరిగి గేటు తోసేసరికి పావుగంట కూడా కాలేదు.

సబోహత్ మెట్ల మీద చెప్పుల్లేకుండా నిలబడి ఉంది. ఉస్తా దిండుకి ఆనుకుని ఉన్నాడు. కళ్ళు సగం మూతపడ్డాయి. పక్కన టీ ఇంకా చల్లారలేదు.

“మీరు వెళ్ళగానే పెట్టె తెరవమన్నారు అపా,” అంది సబోహత్ మెల్లగా. “ఇది తీసి ఒళ్ళో పెట్టమన్నారు. పెట్టె మూత వేసి వచ్చేలోపు... అంతే.”

ఒళ్ళో ఆకుపచ్చ నడికట్టు. దీవెన రోజున గురువు శిష్యుడి నడుముకి కట్టే గుడ్డ. మగవాళ్ళకి కట్టేదానికన్నా మూరెడు పొట్టి.

“ఆ అంచు మా అత్తగారి కుట్టు,” అంది సబోహత్.

అత్తగారు పోయి ఇరవై రెండేళ్ళు. మడతలు పడిన చోటల్లా ఆకుపచ్చ వెలిసి తెల్లబడింది. ఆ గుడ్డ మీద ఎక్కడా ముడి పడిన గుర్తు లేదు.