అబ్బయ్య తెల్లగుడ్డ

షెడ్డు తాళం తీయకముందే అబ్బయ్య, బయట గోడ పక్కన నిలిపి ఉన్న ఆకుపచ్చ ఫియట్ దగ్గరికి వెళ్లి బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. వెచ్చగా ఉంది. పొద్దున ఏడున్నరకు, ఎండ ఇంకా పడని చోట, రాత్రంతా నిలబడిన బండి వెచ్చగా ఉండడానికి దానికేమైనా జ్వరమా? తెల్లవారుజామున ఎవరో ఇంజను ఆడించి ఆపారు. ఎవరో ఏమిటి, బండి యజమాని బుచ్చిరాములే. అబ్బయ్య వంగి కింద నేల చూశాడు. నిన్న సాయంత్రం రేడియేటర్ కింద దోసెడంత తడి ఉండేది. ఇవాళ మట్టి పొడిగా ఉంది. రాత్రికి రాత్రి తనంతట తానే కారడం మానేసిన రేడియేటర్‌ను ఆయన ముప్పై ఏళ్లలో చూడలేదు.

లేచేసరికి ఎడమ భుజం కింద పట్టేసింది. బండి మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడ్డాడు. నెల రోజులుగా ఇదే వరస. పొద్దున టిఫిన్ డబ్బా చేతికిస్తూ భార్య పాపమ్మ దాని గురించే అడిగింది.

"ఇయ్యాలన్న దవాఖానాకు పోదామయ్యా?"

"ఆదివారం ప్రార్థన అయినంక పోదాం."

"పోయిన ఆదివారం గూడ గదే అన్నవ్."

ఆదివారం దవాఖానాలో డాక్టరు ఉండడని ఇద్దరికీ తెలుసు. అయినా ఆవిడ అడుగుతూనే ఉంటుంది, ఆయన చెబుతూనే ఉంటాడు.

అబ్బయ్యది బక్క ఒళ్లు. పనిలో యాసిడ్ తినేసి వేళ్ల కొసలు నున్నబడిపోయాయి; రేషన్ షాపులో వేలిముద్ర వేయమంటే కాగితం మీద నల్లటి మచ్చ తప్ప గీతలు పడవు. ఎడమ కనుబొమ ఎప్పుడో మంటకు కాలిపోయి మళ్లీ మొలవలేదు. భువనగిరి దగ్గరి పల్లె నుంచి పద్నాలుగేళ్లకు వచ్చి, సికింద్రాబాదులో ఇత్తడి గిన్నెలకు కళాయి వేసే ముసలాయన దగ్గర కొలిమి ఊదాడు. స్టీలు గిన్నెలు వచ్చి కళాయిని మూల కూర్చోబెట్టాయి. తగరం కరిగించి అతకడం తెలిసిన చెయ్యి కాబట్టి రేడియేటర్ల వైపు మళ్లింది. నాచారం ఫ్యాక్టరీల రోడ్డు మీద, ఈ రేకుల షెడ్డులో ఒక మూల కూర్చోవడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లు.

ఉప్పల్ నుంచి, హబ్సిగూడ నుంచి, ఒక్కోసారి దమ్మాయిగూడ నుంచి కూడా పాత కారు కొనబోయేవాళ్లు ముందు ఆయనకు చూపించేవారు. ఆయన షరతు ఒక్కటే, బండి చల్లగా ఉండాలి. వెచ్చగా తెస్తే "సల్లారినంక తీస్కరా" అని పంపేసేవాడు. వేడి బండి అబద్ధం చెబుతుందని ఆయన నమ్మకం. చల్లటి బండి మూత తీసి నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో చూసేవాడు. పైన నూనె తెట్టు కట్టిందా అని వేలితో కదిపేవాడు. గొట్టాలు నొక్కేవాడు; కట్టెలా బిగుసుకున్నా తప్పే, ముగ్గిన అరటిపండులా మెత్తబడ్డా తప్పే. అతుకుల దగ్గర తెల్లగా ఉప్పు పూసిందంటే అక్కడ ఎప్పుడో కారి ఎండిందన్నమాట. తర్వాత మూత పెట్టకుండానే ఇంజను ఆడించమనేవాడు. నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తే తల అడ్డంగా ఊపి పక్కకు జరిగేవాడు. అంతకు మించి మాట్లాడడం ఆయనకు అలవాటు లేదు.

అన్నిటికన్నా చివర తెల్లగుడ్డ. రేడియేటర్ కారుతుంటే గుప్పెడు పసుపు పోయడం డ్రైవర్లకు మామూలే. పసుపు నాని ఉబ్బి చిల్లులో కూర్చుంటుంది, నాలుగు రోజులు చుక్క కారదు. దారిలో చిక్కుకున్నవాడు ఇల్లు చేరడానికి అది మంచి ఉపాయం. అమ్మడానికి చేస్తే మాత్రం మోసం. సన్నటి గొట్టాలన్నీ పూడుకుపోయి, ఎండలో నాలుగు మైళ్లు పోయేసరికి బండి అన్నం కుండలా ఉడుకుతుంది. పసుపు నీళ్లూ తుప్పు నీళ్లూ చూపుకు ఒకటే. కానీ గుడ్డ ముంచి సబ్బు రుద్దితే తుప్పు తుప్పులాగే ఉంటుంది, పసుపు ఎర్రబడుతుంది.

ఈ విద్య ఆయనకు పాపమ్మ నుంచి వచ్చింది. ఒకసారి ఆయన బనీను ఉతుకుతుంటే సబ్బు పెట్టిన చోటల్లా ఎర్రగా అయిందట. రక్తమనుకుని ఆవిడ ఏడ్చుకుంటూ వచ్చి ఆయన ఛాతీ తడిమి చూసింది. గాయం లేదు. బనీను వాసన చూసి, "పసుపు గిదంతా, నువ్వేమన్న కూర వండుతున్నవా ఆడ?" అని అప్పుడు నవ్వింది. ఆ మర్నాటి నుంచి షెడ్డులో తీగ మీద ఒక తెల్లగుడ్డ, కుళాయి దగ్గర ఒక సబ్బు ముక్క వచ్చి చేరాయి.

షెడ్డు బుచ్చిరాములుది. పాత కార్లు కొని అమ్మడం అతని వ్యాపారం. మూల ఇచ్చిన రోజునే ఒక మాట తీసుకున్నాడు.

"నా బండ్ల సంగతి నువ్వు నోరిప్పొద్దన్నా. మిగిలినయి నీ ఇష్టం."

అబ్బయ్య సరేనన్నాడు. మాట ఇవ్వడం ఎంతసేపు, మొయ్యడమే పద్దెనిమిదేళ్లు. బుచ్చిరాములు చెడ్డవాడూ కాదు. పాపమ్మకు కడుపులో ఆపరేషన్ అయినప్పుడు మూడు రోజులు దవాఖానా వరండాలో కూర్చున్నది అతనే. అందుకని బుచ్చిరాములు చెడ్డ బండి బేరానికి వచ్చినప్పుడల్లా అబ్బయ్య టీ తాగడానికి పోయేవాడు. బండి మంచిదైతే పోడు, కూర్చుని తన పని చేసుకుంటాడు. ఆ రోడ్డు మీద సంగతి తెలిసినవాళ్లు బండి వైపు కాక అబ్బయ్య చెప్పుల వైపు చూసేవాళ్లు. ఇద్దరు ముగ్గురు అలాగే తప్పించుకున్నారు. బుచ్చిరాములుకు ఇది తెలుసో లేదో, ఎన్నడూ అడగలేదు.

ఎనిమిదింటికి బుచ్చిరాములు వెంట, ఫియట్ కొనడానికి చలపతిరావు వచ్చాడు. తెనాలి వైపు మనిషి, ఏదో ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరై హబ్సిగూడలో ఉంటున్నాడు. చేతిలో గొడుగు, జేబులో నశ్యం డబ్బా. ఫియట్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, అద్దంలో మొహం చూసుకుని అబ్బయ్య దగ్గరికి వచ్చాడు.

"మీరు చూసి బాగుందంటే ఇంక చూడక్కర్లేదని చెప్పారండీ మేస్త్రీ గారూ."

అబ్బయ్య చెప్పులు వేసుకున్నాడు. "టీ తాగొస్త సార్."

"పదండి, నేనూ వస్తాను. పొద్దుట్నించీ గొంతు తడవలేదు."

బుచ్చిరాములు మీసాల్లో నవ్వుకున్నాడు. టీ కొట్టు దగ్గర చలపతిరావు నశ్యం పీల్చుకుని తన గోడు చెప్పుకొచ్చాడు. భార్య ఛాయాదేవికి కీళ్లు పట్టేశాయి. బస్సు ఎక్కలేదు. ఆటోలో కుదుపులకు ఏడుస్తుంది. వారానికి రెండుసార్లు నగరం ఆ చివర ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవాలి, అదీ మధ్యాహ్నం పూట.

"కొత్తది కొనే తాహతు మనకెక్కడిదండీ. ఇదొక్కటే బండి, ఇదొక్కటే మాటు. మళ్లీ కొనలేను. ఆవిడ రెండేళ్లయింది వీధి చూసి."

అబ్బయ్య టీ సగంలో చల్లారిపోయింది. మధ్యాహ్నం పూట, తార్నాక దాటాక ఎక్కడో, పొగలు కక్కుతూ ఆగిపోయిన ఆకుపచ్చ ఫియట్, వెనక సీట్లో దిగలేని మనిషి. ఆయనకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఇంకొకరైతే అక్కడే చెవిలో ఊదేవారు. ఆయనకు ఇచ్చిన మాట అడ్డం పడింది. కక్కలేక మింగలేక గ్లాసు కింద పెట్టాడు. షెడ్డుకు వచ్చాక పావుగంటకే మళ్లీ టీకి లేచాడు. చలపతిరావు మళ్లీ వెంట నడిచాడు, పెద్దాయనకు టీ మీద ఇంత యావ ఏమిటా అనుకుంటూ.

రెండోసారి తిరిగొచ్చాక చలపతిరావు తనే బానెట్ ఎత్తించాడు.

"మూత తీసి చూడమన్నాడండీ మా పక్కింటాయన. కాస్త గుడ్డేదైనా ఇస్తారా?"

బుచ్చిరాములు తన రుమాలు తీయబోయాడు. అబ్బయ్య అప్పటికే తీగ మీది తెల్లగుడ్డ అందించాడు. మూత తిప్పగానే గోరువెచ్చటి నీళ్లు పొంగి గుడ్డ సగం తడిసింది. ముదురు పసుపు రంగు. అబ్బయ్య ముక్కుకు పోపు వేయని పులుసు వాసన కొట్టింది. చలపతిరావు ముక్కు నశ్యానికి ఎప్పుడో అమ్ముడుపోయింది.

"తుప్పు నీళ్లా?"

"పాత బండి కద సార్. జర తుప్పు ఉంటది. ఏం ఫికర్ లేదు," అన్నాడు బుచ్చిరాములు.

"అంతేలెండి. రేపు పొద్దున వచ్చి కాగితాల సంగతి చూసుకుందాం."

కుళాయి దగ్గర సబ్బు ముక్క ఉంది. నాలుగడుగులు. అబ్బయ్య దాని వైపు చూశాడు, బుచ్చిరాములు వైపు చూశాడు. అతను రెప్ప వేయకుండా తననే చూస్తున్నాడు. చలపతిరావు గుడ్డ తీగ మీద వేయబోతుంటే అబ్బయ్య అడ్డం వచ్చాడు.

"సార్, గుడ్డ మీరే తడిపిన్రు. ఇంటికి తీస్కపోయి సబ్బు పెట్టి ఉతికిచ్చి రేపు తెండ్రి."

చలపతిరావు మొహం చిన్నబోయింది. బుచ్చిరాములు పెద్దగా నవ్వాడు. "ఏందన్నా, పెద్దమనిషితోని బట్టలుతికిపిస్తవా? నీకు దిమాక్ గిట్ల పోయిందా?"

"అమ్మగారితోని ఉతికియ్యిండ్రి," అన్నాడు అబ్బయ్య మళ్లీ. జీవితంలో ఒకరిని ఇంత కానిపని అడగడం ఆయనకు అదే మొదలు.

చలపతిరావు మర్యాదస్తుడు. గుడ్డను న్యూస్‌పేపర్లో చుట్టి, వేళ్ల కొసలతో పట్టుకుని బస్టాపు వైపు నడిచాడు. అబ్బయ్య గేటు దాకా వెళ్లి నిలబడ్డాడు. బస్సు వచ్చింది. పొట్లం ఇంకా చేతిలోనే ఉంది. దిగాక ఏ చెత్తకుండీలోనో పడేస్తే? కీళ్లు పట్టేసిన మనిషి గుడ్డ ఉతుకుతుందా? ఉతికినా చూస్తుందా? చూస్తుంది, చూడకుండా ఎట్లా ఉంటుంది. వంటింట్లో నలభై ఏళ్లు ఉన్న ఏ ఆడమనిషికైనా తెలుస్తుంది. పాపమ్మకు తెలియలేదా?

ఆ రోజు ఒక లారీ రేడియేటర్ విప్పి తొట్టిలో ముంచి గాలి కొట్టాడు. బుడగ వచ్చిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. అతుకు వేసే ఓపిక రాలేదు. భుజం నొప్పి మోచేతిదాకా దిగింది. పాపమ్మ పెట్టిన జొన్నరొట్టె సగం తిని డబ్బా మూశాడు. మూలన, ఏదో అంబాసిడర్ నుంచి ఊడదీసిన వెనక సీటు ఉంది. దాని మీద ఒరిగి టోపీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. గుడ్డ ఈపాటికి సబ్బులో పడి ఉంటుందా అనుకున్నాడు. రేకుల మీద ఎండ టపటపమంటోంది.

నాలుగింటికి బుచ్చిరాములు టీ తెప్పించి పిలిచాడు. పలకలేదు. నిద్ర చెడగొట్టడం ఎందుకని గ్లాసు పక్కన పెట్టి వెళ్లాడు. అయిదింటికి మళ్లీ వచ్చేసరికి టీ మీద మీగడ కట్టి ఉంది. భుజం తట్టాడు. తర్వాత చాలాసేపు ఆ చెయ్యి తీయలేదు.

మర్నాడు పొద్దున పాపమ్మ టిఫిన్ డబ్బా అడిగిందని బుచ్చిరాములు షెడ్డుకు వచ్చాడు. డబ్బా తీసుకుని తాళం వేస్తుండగా చలపతిరావు ఎదురయ్యాడు. న్యూస్‌పేపర్ పొట్లం విప్పాడు.

"మా ఆవిడ సబ్బుతోనే ఉంచెయ్యమందండీ. జాడిస్తే మళ్లీ పసుపైపోతుందట. ఇది తుప్పు కాదు, ఎవరో పసుపు పోశారంది." గుడ్డ మీద సబ్బు ఎండిన చోటల్లా ఎర్రగా ఉంది. "బండి నాకొద్దండి. మేస్త్రీ గారికి ఒక్క నమస్కారం పెట్టి పోదామని వచ్చాను."

"లేడు సార్. నిన్న పాయె. పన్నెండింటికి సమాధి."

చలపతిరావు గొడుగు కింద పెట్టి మెట్టు మీద కూర్చున్నాడు. "నాతో రెండుసార్లు టీ తాగారు. ఒక్క మాట చెప్పలేదండీ."

బుచ్చిరాములు గుడ్డ అందుకున్నాడు. ఎర్ర మరకల వైపు చూస్తూ ఉండిపోయాడు. కళ్లు నిండాయి.

"చెప్పలే సార్. నాకిచ్చిన మాట తప్పలే."

గుడ్డను ఏం చెయ్యాలో తోచక, షెడ్డు బయటి తీగ మీద ఆరేసి, డబ్బా పట్టుకుని సమాధుల తోటకు పోయాడు. మూడు రోజులు షెడ్డు తెరవలేదు. ఏప్రిల్ ఎండకు గుడ్డ మీది ఎరుపు పోయింది, పసుపూ పోయింది; ఒక మూల, అబ్బయ్య వేళ్లు పట్టుకునే చోట, పాత తుప్పు మరక మాత్రం అలాగే ఉంది.