చీపురు కర్రతో ఆట

మాంచెస్టర్‌లోని ఆ ప్రయోగశాలలో ఏటా జరిగే క్రికెట్ ఆటలో, ఆడవాళ్లు బంతి వేస్తే మగవాళ్లు బ్యాటు పట్టరు, చీపురు కర్రతో ఆడతారు. అది వాళ్ల మర్యాద. అక్కడే పరిశోధన చేస్తూ, దేశపు మహిళల జట్టులో బంతి వేసే హిల్డాకు ఆ మర్యాద చూస్తే ఒళ్లు మండుతుంది.

ఈసారి కర్ర పట్టుకుని నిలబడ్డవాడు ప్రయోగశాల పెద్ద, డాక్టర్ క్రాస్లీ. బట్టల రంగుల మీద ఆమె రెండేళ్లు చేసిన పరిశోధనను నిన్ననే తన ఒక్కడి పేరుతో అచ్చుకు పంపాడు.

"మెల్లగా వెయ్యమ్మా, ముసలాణ్ణి!"

"ఆ కర్ర పారేసి బ్యాటు తీసుకోండి సార్. లేకపోతే వెయ్యను."

క్రాస్లీ బ్యాటు తెప్పించుకున్నాడు. మొదటి బంతికే మధ్య వికెట్టు ఎగిరిపడింది.

"బాగా వేశావమ్మాయ్. ఇక వెళ్లి టీ సంగతి చూడు."

"టీ మీరే పెట్టుకోండి. ఆ వ్యాసం మీద నా పేరు రాకపోతే, వచ్చే ప్రయోగం కూడా మీరే చేసుకోండి," అంది హిల్డా, అందరికీ వినపడేలా.