నీలం గేటు ముందు ఎరువు లోడు

మచిలీపట్నంలో ఇల్లు కొనుక్కున్నాక ఇంద్రజ చేసిన మొదటి పని, పెరట్లో కూరగాయలు పండిస్తానని వీధంతా చెప్పడం. రెండో పని, తెచ్చి నాటిన వంగనారు మొత్తం ఎండబెట్టుకోవడం. ఆ నేల చవిటిది. నీళ్లు పోసి ఆరనిస్తే చాలు, పైన ఉప్పు తెల్లగా తేలేది.

"పశువుల ఎరువు పడాలే తల్లీ ఆ నేలకి. ఆదివారం ట్రాక్టర్‌తో ఒక లోడు పంపిస్తాను," అన్నాడు అవనిగడ్డ నుంచి ఆమె మావయ్య ఫోన్‌లో.

ట్రాక్టర్ తోలే తోమాసుకి ఇంద్రజే ఇంటి గుర్తు చెప్పింది. "మా వీధిలో నీలం గేటు మాదొక్కటేనండీ. ఇంట్లో ఎవరూ పలక్కపోయినా దాని ముందు పోసేసి వెళ్లండి."

ఆ మాట అంతకు ముందు వారం వరకూ నిజమే. ఈలోగా పక్కింటి సత్యవతమ్మగారు, కూతురు అనూషకి పెళ్లిచూపులని ఇంటికి సున్నాలు వేయించి, గేటుకి నీలం రంగు కొట్టించారు.

ఆదివారం పొద్దున వీధిలో కేక వినపడి ఇంద్రజ బయటికి పరుగెత్తింది. సత్యవతమ్మగారి కొత్త గేటుకి ఆనుకుని, ఆవిడ తెల్లారే లేచి పెట్టిన ముగ్గు మీద, నడుమెత్తు ఎరువు గుట్ట. తోమాసు ఎప్పుడో వెళ్లిపోయాడు.

"ఏంటమ్మా ఇది ఇంద్రజా! గుడివాడ పెళ్లివాళ్లు పెడన దాటామని ఇప్పుడే ఫోన్ చేశారు!"

"ఇప్పుడే తీసేస్తాను పిన్నిగారూ!"

ఇంద్రజ గమేళా, పార పట్టుకొచ్చింది. ఎంత ఎత్తినా గుట్ట తరగలేదు, కదిలించినకొద్దీ వాసన మాత్రం పెరిగింది. సత్యవతమ్మగారు ఏమీ తోచక పూజగదిలోంచి అగరొత్తుల ప్యాకెట్ తెచ్చి, అన్నీ వెలిగించి గుట్ట నిండా గుచ్చారు.

ఇంతలో అనూష పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని వచ్చింది. "ఆ పార ఇలా ఇవ్వక్కా."

"కొత్త చీరే!" అని తల్లి గుండెలు బాదుకుంది.

"చీర ఉతుక్కోవచ్చమ్మా. లేకపోతే వాళ్లు గోడ దూకి రావాలా?"

వాళ్లు మనిషి పట్టేంత దారి చేసేసరికి కారు వచ్చి ఆగింది. పెళ్లికొడుకు తండ్రి పిచ్చేశ్వరరావుగారు దిగారు. మోచేతుల దాకా ఎరువుతో నిలబడ్డ పెళ్లికూతురిని చూశారు. పొగలు కక్కుతున్న గుట్టని చూశారు. సత్యవతమ్మగారు కళ్లు మూసుకున్నారు.

ఆయన వంగి గుప్పెడు ఎరువు తీసుకుని, నలిపి, వాసన చూశారు.

"అబ్బ! ఎంత బాగా మాగిందండీ! ఎక్కడిది?"

"అవనిగడ్డ నుంచి మా మావయ్య పంపాడండీ," అంది ఇంద్రజ బిక్కమొహంతో.

"నేను వ్యవసాయం మానేసి హార్డ్‌వేర్ షాపు పెట్టాక ఇలాంటిది చేత్తో పట్టుకోనేలేదు. జరగమ్మా, నువ్వు అలిసిపోయావు." ఆయన ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి, అనూష దగ్గర పార తీసుకున్నారు.

కారు అద్దం రెండు వేళ్ల మందం కిందికి దిగింది. "నాన్నా, బట్టలు!" అన్నాడు పెళ్లికొడుకు రాజేష్. అద్దం మళ్లీ పైకి వెళ్లిపోయింది.

లోపల కూర్చున్నాక కూడా పిచ్చేశ్వరరావుగారు, అనూష చవిటి నేలలో ఏవి వస్తాయో మాట్లాడుకున్నారు. రాజేష్ ముక్కు మీంచి రుమాలు తీయకుండా ఆమెని అడిగింది ఒక్కటే. "ఈ వాసన ఎప్పటికి పోతుందండీ?"

సాయంత్రం అనూష ఆ అబ్బాయి వద్దంది.

"నీ ఎరువే మా సంబంధం చెడగొట్టింది," అని సత్యవతమ్మగారు ఇంద్రజతో మాటలు మానేశారు.

ఆ తర్వాత ఒక ఆదివారం పిచ్చేశ్వరరావుగారు ఒక్కరే వచ్చారు. సత్యవతమ్మగారు ఆశగా కాఫీ తెచ్చిస్తే ఆయన మొహమాటపడ్డారు. "సంబంధం సంగతి కాదండీ. పక్కింటి అమ్మాయికి ఆ రోజు వంగనారు తెస్తానన్నాను."

ఆయన ఇంద్రజ పెరట్లో ఎరువు కలిపిన మట్టితో ఎత్తుగా మడులు కట్టించారు. అనూష నారు నాటింది. ఇంద్రజకి నీళ్లు పోసే పని దక్కింది, అదీ ఆయన చెప్పినంతే.

తొలి కాపు గుత్తి వంకాయ కూరని అనూష చేతే పక్కింటికి పంపింది ఇంద్రజ. సత్యవతమ్మగారు బాగుందని చెప్పలేదు. గిన్నె మాత్రం ఖాళీ అయింది. మర్నాడు పొద్దున గోడ మీంచి ఆవిడ తల కనపడింది.

"ఏమ్మా, మా పెరట్లో బెండ వస్తుందంటావా?"