సంతోషి దస్తూరి

సకలజనుల సమ్మె ముగిసి బళ్లు మళ్లీ తెరిచేసరికి విజయశ్రీకి వారానికి ఉన్న ఆరు పీరియడ్లలో మూడు ఎగిరిపోయాయి. నాచారం పారిశ్రామికవాడ వెనక సందులో ఉన్న మూడంతస్తుల ప్రైవేటు బళ్లో ఆమె తెలుగు టీచరు. సమ్మెలో పోయిన రోజుల వల్ల ఏడో తరగతి లెక్కలు వెనకబడ్డాయని ఆమె పీరియడ్లు రెండు తీసి లెక్కల మాస్టారు గిరిప్రసాద్‌కూ, ఒకటి తీసి సైన్సుకూ ఇచ్చేశారు ప్రిన్సిపాల్ పట్టాభిరామయ్యగారు.

"తెలుగుదేముందండీ, పిల్లలు ఇంట్లో మాట్లాడేదే కదా," అన్నారాయన.

విజయశ్రీ గుడివాడ నుంచి వచ్చి ఉప్పల్లో కాపురం పెట్టి తొమ్మిదేళ్లయింది. ఈ మాట ఈ తొమ్మిదేళ్లలో ఎన్నిసార్లు విందో. విన్నప్పుడల్లా ఏదో ఒకటి అనేద్దామనుకోవడం, అనకుండానే మెట్లెక్కి క్లాసుకు పోవడం ఆమెకు అలవాటైపోయింది.

ఆ సోమవారం భోజనాల గంట తర్వాత ఏడో తరగతిలోకి వెళ్లేసరికి నల్లబల్ల మధ్యలో పెద్ద గడి గీసి ఉంది. అందులో బస్సుల సంగతి చూసే సాంబయ్య రాసిన నోటీసు: "నాలుగో నంబరు బస్సు రేపు రాదు." కింద "తుడపవద్దు" అని రెండు గీతలు. విజయశ్రీకి ఒళ్లు మండింది. బస్సు రాకపోతే బస్సు పిల్లలకు చెప్పాలి గానీ, నడిచొచ్చే పిల్లలతో సహా అందరి నల్లబల్లా ఆక్రమించుకోవడమేమిటి? తుడిపేస్తే మళ్లీ ప్రిన్సిపాల్ దాకా పోతుంది. ఆ గడిని అలాగే వదిలేసి, ఒక్కో వరసనూ దానికి ఇటు మొదలుపెట్టి అటు ముగిస్తూ పాఠం జవాబులు రాయడం మొదలుపెట్టింది.

పాఠం ఒక రాజు కథ. పిల్లలచేత చదివించి, జవాబులు వాళ్లంతట వాళ్లే రాసేలా చెయ్యాలంటే నాలుగు పీరియడ్లు కావాలి. ఆ పాఠానికి ఆమె ఇవ్వగలిగింది ఒక్కటి. గబగబా కథ చెప్పేసి, జవాబులు నల్లబల్ల మీద పెట్టేసింది. యాభై నాలుగు తలలు వంగాయి. పెన్నుల చప్పుడు తప్ప ఇంకేం లేదు. బయటినుంచి చూస్తే ఎంతో బుద్ధిమంతుల క్లాసు.

మర్నాడు స్టాఫ్‌రూమ్‌లో నోటు పుస్తకాలు దిద్దడానికి కూర్చుంది. ప్రతి కట్టలోనూ సంతోషి పుస్తకాన్ని చివరికి దాచుకోవడం ఆమెకు అలవాటు. కోడి కెలికినట్టుండే యాభై మూడు పుస్తకాల తర్వాత ఆ దస్తూరి చూస్తే కళ్లకు హాయిగా ఉంటుంది. అచ్చు పోసినట్టు అక్షరాలు; ఒక కొట్టివేత ఉండదు, ఒక అక్షరం గీత దాటదు. కిందటేడు దస్తూరి పోటీలో మొదటి బహుమతి ఆ పిల్లదే.

ఎర్రపెన్ను పట్టుకుని చదువుతూ మూడో వరసలో ఆగిపోయింది.

"రాజు తన ప్రజలను కన్నబిడ్డల్లా నాలుగో నంబరు బస్సు రేపు రాదు చూసుకునేవాడు."

పకాలున నవ్వింది. పక్కనే ఉన్న గిరిప్రసాద్‌కు చదివి వినిపిస్తే ఆయనా నవ్వాడు. "మీ రాజుగారి బస్సు మిస్సయింది మేడం," అన్నాడు. అప్పటికి అది పరధ్యానమే అనుకుంది విజయశ్రీ. సంతోషిని పిలిపించింది.

పన్నెండేళ్ల పిల్ల. రెండు జడలు, చేతి వేళ్లకు ఎప్పుడూ సిరా. ఏడాదిన్నర కిందట జనగామ వైపు నుంచి వచ్చి ఆరో తరగతిలో చేరింది. తల్లి సారలమ్మ మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది.

"ఏం రాశావో చదువమ్మా," అంది విజయశ్రీ, నవ్వు దాచుకుంటూ.

సంతోషి పుస్తకం అందుకుని గడగడా చదివేసింది. "రాజు తన ప్రజలను కన్నబిడ్డల్లా చూసుకునేవాడు. కరువు వచ్చినప్పుడు ధాన్యపు కొట్లు తెరిపించాడు..."

బస్సు ఊసే లేదు. విజయశ్రీ నవ్వు ఆగిపోయింది. బస్సు ఉన్న చోట వేలు పెట్టింది. "ఇక్కడేముంది?"

సంతోషి ఆ మాట వంక చూసింది. తర్వాత టీచరు మొహం వంక చూసింది. తర్వాత నేల చూపులు చూసింది.

"పోనీ ఇది?" 'రాజు' మీద వేలు పెట్టింది. తర్వాత ఒక్క 'రా' చూపించింది. "ఇదేం అక్షరం తల్లీ?"

"యాదికొస్తలేదు మేడం."

విజయశ్రీ ఒక తెల్ల కాగితం ఇచ్చి ఏదైనా ఒక వరస చూసి రాయమంది. పిల్ల రాస్తుంటే పక్కన నిలబడి చూసింది. ముందు వరసంతా తలకట్లు లేకుండా గుండ్రంగా దించేసింది సంతోషి. ఆ తర్వాత కుడి చివరినుంచి ఎడమకు వస్తూ, తోరణం కట్టినట్టు ఒక్కో తలకట్టూ పెట్టింది. అది రాయడం కాదు, ముగ్గు వెయ్యడం. పిల్ల ఇలా చెయ్యడం క్లాసులో తను ఎన్నోసార్లు చూసింది కూడా. చూసి, ఎంత శ్రద్ధో అని మురిసిపోయింది.

పిల్ల వెళ్లాక పుస్తకం వెనక్కి తిప్పుతూ పోయింది. పేజీ పేజీకీ తన సంతకం, పక్కన ఎర్రసిరాతో "వెరీ గుడ్". విన్న పాఠం విన్నట్టే ఆ పిల్ల నోటికి వచ్చేస్తుంది. పరీక్షలో ప్రశ్నలు ఏ వరసలో వస్తాయో టీచరుగా తనే ముందు చెబుతుంది; నల్లబల్ల మీద చూసిన జవాబును ఆ పిల్ల బొమ్మలా గుర్తుపెట్టుకుని దించేస్తుంది. మార్కులు రాక ఏం చేస్తాయి?

పట్టాభిరామయ్యగారికి చెబితే ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. "ఏడో తరగతి పిల్లకు చదవడం రాదా? ఈ మాట ఇంకెవరితోనైనా అన్నారా?"

"లేదు సార్. రోజుకో పీరియడ్ ఇప్పిస్తే..."

"పీరియడ్లు ఎక్కణ్ణుంచి తెమ్మంటారు? జనవరిలో గుర్తింపు తనిఖీ ఉంది. వచ్చే ఆఫీసరు ముందు చూసేది నోటు పుస్తకాలే. ఆ అమ్మాయి పుస్తకం అన్నిటికంటే పైన ఉండాలి. మిగతాది తర్వాత చూద్దాం."

మళ్లీ నోరు మూసుకుని బయటికొచ్చింది. ఆ కోపం ఎవరి మీదో ఆమెకే తెలియలేదు.

భోజనాల గంటలో సంతోషిని కూర్చోబెట్టి రెండో తరగతి వాచకం తెరిచింది. చిన్నపిల్లల పుస్తకం చూడగానే సంతోషి మొహం మాడిపోయింది. కిటికీలోంచి ఇద్దరు తోటిపిల్లలు తొంగిచూసి కిసుక్కుమన్నారు. ఇక నోరు విప్పితే ఒట్టు. 'ప' చూపించి ఇదేమిటంటే పలకదు. రాయమంటే మాత్రం ఒకటికి పది ముద్దుగా రాసిస్తుంది. మూడు రోజులు బతిమాలింది విజయశ్రీ. నాలుగో రోజు తన క్యారియర్ మూత కూడా తియ్యకుండా అరగంట కూర్చున్నాక, పిల్ల మళ్లీ వరసంతా 'ప'లు రాసి ముందుకు తోసేసరికి ఓపిక తెగిపోయింది.

"బొమ్మలు గీయమన్నానా నిన్ను? నోట్లో నాలుక లేదా? మొద్దు!" బల్ల మీద చెయ్యి చరిచింది. క్యారియర్ కిందపడి పులుసంతా నేలపాలైంది.

సంతోషి గుడ్డ తెచ్చి నేల తుడిచింది. మర్నాడు బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

మూడో రోజు పొద్దున ప్రార్థన అవుతుండగా సారలమ్మ వచ్చింది. కంపెనీ నీలం కోటు ఒంటిమీదే ఉంది. డ్యూటీకి ఆలస్యమవుతున్నట్టుంది, కూర్చోమన్నా కూర్చోలేదు.

"నా బిడ్డను మొద్దు అన్నరంట మేడం?"

"అన్నాను. అనకూడని మాట, తప్పు నాదే. కానీ మీకొక సంగతి చెప్పాలమ్మా. సంతోషికి చదవడం రావట్లేదు."

"సదువస్తలేదా? ఏం మాట్లాడుతున్రు మేడం?" సారలమ్మ చేతి సంచిలోంచి కిందటేటి నోటు పుస్తకం తీసింది. చెమ్మ తగలకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టిపెట్టుంది. "గిది మా సూపర్‌వైజర్ సారుకు సూపిచ్చిన. పిల్లకు మస్తు తెలివున్నది, మంచిగ సదివియ్యి అన్నడు. ఇగో, ఈడ ఎర్ర పెన్నుతోని రాసింది ఎవరు?"

"నేనే."

"ఏం రాసిన్రు?"

"వెరీ గుడ్ అని."

"నాకు సదువు రాదు మేడం. గా ఎర్ర రాత సూసుకునే ధైర్యంగ ఉన్న. పొద్దుగాల పోతే పొద్దూకినంక వస్త. పిల్ల రాస్తుంటే పక్కన కూసొని సూస్త, అంతే. నిరుడి సంది గిట్లనే రాసుకుంట వచ్చి, ఇయ్యాల వచ్చి సదువస్తలేదంటే నేనెవర్ని అడగాలె?"

క్లాసులో యాభై నాలుగు మంది అని చెప్పొచ్చు, పీరియడ్లు లాగేసుకున్నారని చెప్పొచ్చు, సమ్మె అని చెప్పొచ్చు. అన్నీ నిజాలే. ఆ తల్లి ముందు ఒక్కటీ నోటిదాకా రాలేదు.

"నన్నే అడగండి," అంది విజయశ్రీ. "సాయంత్రం బడి వదిలాక అరగంట నా దగ్గర ఉంచండి. మీరు డ్యూటీ దిగి వచ్చి తీసుకెళ్లండి."

"నడుమల ఇడిసిపెట్టొద్దు మరి," అని, సారలమ్మ పుస్తకం మళ్లీ కవరులో చుట్టుకుని వెళ్లిపోయింది. కోపం తగ్గినట్టు లేదు.

ఈసారి విజయశ్రీ వాచకం తియ్యలేదు. రెండు రాత్రులు ఆలోచిస్తే ఒకటి తోచింది. హాజరు పట్టీలో యాభై నాలుగు పేర్లూ వరస తప్పకుండా సంతోషికి నోటికి వచ్చు. ఆ పేర్లను తెలుగులో పెద్దపెద్ద అక్షరాలతో రాసి ముందు పెట్టింది.

"ఎవరి పేరు ఎక్కడుందో నీకు తెలుసు. నీ పేరులో నడిమి అక్షరం చూడు. గౌతమ్ పేరులో అలాంటిది ఎక్కడైనా ఉందా?"

సంతోషి వంగి వెతికింది. చాలాసేపటికి 'త' మీద వేలు పెట్టింది. "గిది మేడం. నాదాంట్ల కొమ్ము లెక్క ఇంకేందో ఉన్నది."

"ఆ కొమ్ములాంటిది ఉంటే 'తో'. లేకపోతే 'త'."

"త... తో," అంది సంతోషి. ఆమె దగ్గర ఆ పిల్ల నోరు విప్పి అక్షరం పలకడం అదే మొదటిసారి.

అయినా అదేమీ పరుగెత్తలేదు. ఈరోజు వచ్చిన 'ద' రేపటికి 'ధ'లో కలిసిపోయేది. ఒత్తులు వచ్చేసరికి మళ్లీ వారం రోజులు మౌనం. సాయంత్రమయ్యేసరికి కంపెనీల వైపు నుంచి ఘాటు వాసన వచ్చేది; కిటికీలు మూస్తే ఉక్క, తీస్తే దగ్గు. ఉప్పల్ చేరేసరికి విజయశ్రీకి చీకటిపడిపోయేది. ఇంట్లో సణుగుడు సరేసరి. ఒక్కోరోజు సంతోషి కావాలనే మర్చిపోతోందేమో అనిపించి, అరవబోయి, కిందపడిన క్యారియర్ గుర్తొచ్చి మంచినీళ్లు తాగేది.

జనవరి చివర్లో తనిఖీ అధికారి వచ్చాడు. ఏడో తరగతి బల్ల మీద పుస్తకాల దొంతరలో అన్నిటికంటే పైన సంతోషి పుస్తకం. ఆ పని పట్టాభిరామయ్యగారే స్వయంగా చేశారు. అధికారి రెండు పేజీలు తిప్పి, "బ్రహ్మాండం! ఎవరమ్మా ఇది రాసింది? ఏదీ, ఈ పేజీ చదువు," అన్నాడు.

అది రాజు కథ. సంతోషికి ఎప్పుడో నోటికొచ్చిన జవాబు. విజయశ్రీ ఊపిరి పీల్చుకుంది. రెండు నిమిషాల్లో అప్పజెప్పేస్తుంది, గండం గడుస్తుంది.

సంతోషి మొదటి మాట మీద వేలు పెట్టింది.

"రా... జు. రాజు. త... న. ప... ప్ర..."

క్లాసులో ఎవరో నవ్వారు. పిల్ల చెవులు ఎర్రబడ్డాయి, వేలు మాత్రం అక్షరాన్ని వదల్లేదు. "ప్ర... జ... ల... ను." ఒక్క వాక్యానికి రెండు నిమిషాలు పట్టింది. అధికారి గడియారం చూసుకుని పుస్తకం మూసేశాడు. "దస్తూరి బాగుంది," అంటూ బయటికి నడిచాడు. వెనకే వెళ్తూ పట్టాభిరామయ్యగారు విజయశ్రీ వంక చూసిన చూపుకు మాటలతో పనిలేదు.

సాయంత్రం ఆయన గదిలో పావుగంట చీవాట్లు తిని, విజయశ్రీ పైకి వచ్చేసరికి సంతోషి పేర్ల కాగితం ముందేసుకుని కూర్చుని ఉంది.

"ఆ జవాబు నీకు నోటికి వచ్చు కదే! గడగడా చెప్పేస్తే పోయేది కదా?"

"నోటికొస్తది మేడం," అంది సంతోషి, తల ఎత్తకుండా. "గానీ సారు సదువుమన్నడు గద."

విజయశ్రీ కుర్చీలో కూలబడింది. అరిచేంత కోపమూ, ఆ పిల్లను దగ్గరికి తీసుకునేంత ప్రేమా ఒక్కసారే వచ్చి, రెండూ చెయ్యలేక అలాగే కూర్చుండిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే, ఇంకో ప్రశ్న పుట్టింది. ఒక్క బస్సు వల్ల ఒక్క సంతోషి బయటపడింది. మిగిలిన యాభై మూడు మంది సంగతి?

మర్నాడు తన పీరియడ్లో నల్లబల్ల ముట్టుకోలేదు. ఒక్కొక్కరినీ తన మేజా దగ్గరికి పిలిచి, ఎప్పుడూ చెప్పని పాఠం తెరిచి, పేజీ మధ్యలో ఎక్కడో వేలు పెట్టి చదవమంది. కొందరు చదివారు. కొందరు మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించారు. క్లాసు లీడరు గౌతమ్ మూడు మాటలు ఊహించి, నాలుగో దానికి ఏడుపు మొహం పెట్టాడు. విజయశ్రీ ఎవరినీ కసరకుండా, చదవలేనివాళ్ల పేర్లు చిన్న కాగితం మీద రాసుకుంటూ పోయింది.

ఐదో పేరు రాసేసరికి గంట మోగింది. గిరిప్రసాద్ సుద్దముక్కల పెట్టెతో గుమ్మంలో నిలబడ్డాడు. "అయిపోయిందా మేడం?"

"లేదండీ. ఇంకా ముప్ఫై మంది ఉన్నారు. మీరు వెళ్లి స్టాఫ్‌రూమ్‌లో కూర్చోండి."

"ఇది నా పీరియడ్ కదండీ. ప్రిన్సిపాల్‌గారికి తెలిస్తే..."

"నేనే చెబుతాను, కిందికి దిగాక."

గిరిప్రసాద్ ఇంకేదో అనబోయాడు. అప్పటికే విజయశ్రీ తర్వాతి పేరు పిలిచింది.