గడ్డి మీదికి నెట్టిన నేరం

గొర్రెల జబ్బులు చూసే ఆ ల్యాబులో ఆమెను అందరూ పలకలమ్మ అంటారు. చచ్చిన జంతువు కండను పల్చటి పొరలుగా తరిగి, గాజుపలకల మీద పరిచి, రంగులద్ది డాక్టరుగారి ముందు పెట్టడం ఆమె పని. చెయ్యి వణకదని పేరు. ఆ ధీమా కాస్తా అన్నయ్య గొర్రెల మందతో తుడిచిపెట్టుకుపోయింది.

ముందుగా వచ్చింది బుంగమూతి మెదడు. ఆ గొర్రె కంచెకు ఒళ్ళు రుద్దుకుని రుద్దుకుని ఒంటి మీది ఉన్నినంతా ఊడగొట్టుకుంటోందని వదిన ఫోన్ చేసినప్పుడు, "గజ్జి అయ్యుంటుంది, మందు రాయండి" అని పెద్ద తెలిసినదానిలా చెప్పింది పలకలమ్మ. తర్వాత దానికి నడక తడబడింది, ఒళ్ళు వణికింది, ఓ పొద్దున ఇక లేవలేదు. మైక్రోస్కోపులో చూస్తే ఏముంది? నరాల కణాల నిండా బుడగల్లాంటి ఖాళీలు. మెదడు కాదది, జల్లెడ. రోగంతో పోరాడ్డానికి రావలసిన తెల్లకణాల జాడే లేదు. ఎలా వస్తాయి? ఒంట్లోని ప్రొటీనే వంకర తిరిగి, పక్కనున్న మంచి ప్రొటీన్లను కూడా తనలాగే వంకర తిప్పుతోంది. ఇంట్లోవాడే కొంప కూలుస్తుంటే ఒళ్ళు ఎవరిని తరుముతుంది? రెండో రంగు వేశాక ఆ వంకర ప్రొటీన్ గోధుమరంగు నలుసులై బయటపడింది.

"స్క్రేపీ, గొర్రెలకొచ్చే మందులేని మెదడు రోగం," అన్నారు డాక్టరుగారు. "కాన్పులో పడే మాయ ఉంది చూశావూ, ఈ ప్రొటీన్ దాంట్లో దండిగా ఉంటుంది. మందలో ఎక్కువగా పాకేది అలాగే."

పలకలమ్మ తన చేతుల వంక చూసుకుంది.

రెండేళ్ళ క్రితం ఓ వాన మధ్యాహ్నం బుంగమూతికి చచ్చిన పిల్ల పుట్టింది. అదేరోజు ఇంకో గొర్రె బతికున్న పిల్లను ఈని తాను పోయింది. బుంగమూతి మాయ తడిని ఆ తల్లిలేని పిల్లకు పూస్తే, వాసన చూసి తన పిల్లే అనుకుని పాలిస్తుందని పలకలమ్మ ఎక్కడో విన్నది. తన తెలివి చూపించుకోవాలని ఉబలాటం. కొట్టంలో ఎవరూ లేని సమయం చూసి, పిల్లను మూతితో సహా తడిపింది. బుంగమూతి నమ్మితేనా! వాసన చూసి ఒక్క కుమ్ము కుమ్మింది. పలకలమ్మ నాలుక కరుచుకుని, పిల్లను తుడిచేసి, కిక్కురుమనకుండా వదిన ఒళ్ళో పెట్టింది. వదిన దాన్ని సీసాపాలతో పెంచింది, గారాలు అని పేరు పెట్టింది. ఇంట్లో దానిదే రాజ్యం. ఇప్పుడది చూలుతో ఉంది. దానికే రోగముంటే, అది ఈనిన రోజున మందంతా మునుగుతుంది.

తనిఖీకి వచ్చిన అధికారి స్పష్టంగానే చెప్పాడు: "బుంగమూతి కడుపున పుట్టినవి, దాని కాన్పు తడి తగిలినవి ఏరి చంపేస్తాం. మిగతావి ఉంచుకోవచ్చు."

"అలాంటివేం లేవండీ," అన్నాడు అన్నయ్య. వదిన గారాలు మెడ నిమిరి ఊపిరి పీల్చుకుంది.

పలకలమ్మకు మింగలేక కక్కలేక అయింది. చివరికి నోరు తెరిచింది, కానీ సగమే.

"గారాల్ని కూడా తీసెయ్యాలి అన్నయ్యా. బుంగమూతి ఈనిన వేళ మిగతావన్నీ మేతలో ఉన్నాయి కానీ, ఇది ఆ కాన్పుల కొట్టంలోనే పడుకుంది. గడ్డికి తడి అంటి ఉంటుంది."

"దాని మొహం చూస్తూ ఆ మాట ఎలా అనగలిగావు అమ్మాయీ!" అంది వదిన.

గడ్డట గడ్డి! నోరులేనిది దొరికింది కదా అని దాని మీదికి నెట్టేసింది మహాతల్లి.

గారాలు తల ల్యాబుకు వచ్చింది. ఇంకెవరినీ ముట్టుకోనివ్వకుండా పలకలమ్మే కోసింది. రోగం ఉంటే తన చేతులు చంపినట్టు. లేకపోతే తన నోరు చంపినట్టు. ఉండాలనే కోరుకుంది, కోరుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. మెదడు శుభ్రంగా ఉంది, ఒక్క ఖాళీ లేదు. గొంతులోని టాన్సిల్ ముక్కలో మాత్రం గోధుమరంగు నలుసులు గుంపులుగా ఉన్నాయి. నోటి గుండా వచ్చిన రోగం ఇంకా మెదడుకు ఎక్కలేదంతే.

ఆమె మైక్రోస్కోపు మీంచి తల ఎత్తేలోగానే వదిన ఫోన్ చేసింది.

"ఉంది వదినా."

"నాకు తెలుసు, అంతా నా వల్లే," అని వదిన బావురుమంది. "కొట్టంలో గడ్డి మార్చమని ఆవేళ మీ అన్నయ్య చెప్పనే చెప్పాడు. వానలో ఎవరు వెళ్తారని బద్ధకించాను. అప్పట్నుంచీ అన్నం సయించట్లేదు అమ్మాయీ. పెంచిందీ నేనే, చంపుకున్నదీ నేనే."

ఊరుకుంటే సరిపోయేది. అడిగేవాళ్ళు లేరు, చూసినవాళ్ళు అంతకన్నా లేరు. అవతల వదిన వెక్కుతూనే ఉంది.

"గడ్డి కాదు వదినా," అంది పలకలమ్మ. మాయ తడి పూయడం, బుంగమూతి కుమ్మడం, తుడిచేసి తీసుకొచ్చి ఇవ్వడం అన్నీ చెప్పింది. "నీ పాపం ఇందులో ఇసుమంత లేదు. అంతా నాదే."

అవతల ఏడుపు ఆగిపోయింది.

"వానలో చేతులు కొంకర్లు పోయాయని నువ్వంటే ఆవేళ వేణ్ణీళ్ళు పోసి కడిగించింది నేనే," అంది వదిన. "బుంగమూతి కుమ్మిందని అప్పుడే చెప్పుంటే ఇద్దరం కూచుని పడీ పడీ నవ్వుకునేవాళ్ళం కదే."

వదిన ఫోన్ పెట్టేసింది.