బీము దిగితే కొంకణానికి

ద్రౌపదికి అడవిని చూడాలనిపించడంలో వింతేమీ లేదు. ముప్పై ఏళ్ళుగా అడవి ఆకును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి ఒక్కసారైనా ఆ చెట్టును చూడకపోవడమే వింత. సోలాపూర్‌లో బీడీలు చుట్టే ఆడవాళ్ళందరి సంగతీ అంతే అనుకోండి. తునికాకు కట్టలుగా వస్తుంది, ఎండి వస్తుంది. రాత్రి నానబెడితే పొద్దున్నకు మెత్తబడుతుంది. రేకు ముక్క పెట్టి కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కడితే బీడీ. చెట్టుతో వాళ్ళకు పనేముంది?

తంబాకు దుమ్ము మాత్రం వచ్చి ద్రౌపది గుండెల్లో కాపురం పెట్టింది. దవాఖానాలో డాక్టరు బీడీ పని మానెయ్యమన్నాడు. మానేస్తే ఏం తినాలో చెప్పలేదు. ఆమెను బయట కూర్చోబెట్టి, వానాకాలం దాటడం కష్టమని నేత కార్ఖానాలో పనిచేసే మొగుడు పోచయ్యతో మెల్లగా అన్నాడు. మెల్లగా అన్న మాట ఎవరికి వినబడదు! ద్రౌపది విన్నది. విననట్టే లేచి చీర దులుపుకుంది.

ఆ ఆదివారమే ఆమె తమ్ముడు అంబాదాస్ వచ్చాడు. వాడు టెంపో నడుపుతాడు. సోలాపూర్ చాదర్లు, తువ్వాళ్ళు ఎక్కించుకుని కొంకణంలో దుకాణాలకు చేరవేయడం వాడి పని. అక్క మనసులో మాట చెప్పగానే వాడు చాటలోంచి బీడీ కట్టలు తీసి గచ్చు మీద ఒక్కొక్కటే పేర్చాడు.

"అక్కా, గిది మన సోలాపూర్. గిది కొల్హాపూర్. గాడికెల్లి ఘాటు, కొండ దారి. ఘాటంతా అడివే. అభయారణ్యం అని బోర్డు గూడ ఉంటది. అడివిదున్నలు రోడ్డు మీదికే వస్తయి. ఘాటు దిగినమా, ఇగ సముద్రమే. దాని పక్కపొంటి మాల్వన్ దాంక పోవుడు, రత్నగిరి మీదికెల్లి మళ్ళీ ఇంకో అడివిల పడి వచ్చుడు."

"తునికి చెట్టు ఉంటదారా?"

"అంత పెద్ద అడివిల ఏ చెట్టు ఉండదక్కా!"

"మరి ఖర్చు?" అన్నాడు పోచయ్య.

"ఏం ఖర్చు బావా? చాదర్ల మూటల మీద కూసుంటే కిరాయి లేదు. పండుకునుడు గూడ గాడనే. కడక్ రొట్టెలు, పల్లీల కారం కట్టుకుంటే హోటల్ మొకం చూసే పనే లేదు. వారం పది రోజులల్ల మళ్ళీ వస్తం."

పోచయ్య నోట్లో నాలుక లేని మనిషి. బీడీ కట్టల దారిని చాలాసేపు చూశాడు. "బీము దిగనియ్యి, పోదాం" అన్నాడు చివరికి.

ద్రౌపది ప్రాణం లేచి వచ్చింది. బీము దిగడమంటే ఏమిటో ఆమెకు తెలియదా! ఆమె నాయిన చేతిమగ్గం నేసేవాడు. బీముకు చుట్టిన పడుగు అయిపోయి బట్ట దిగిందంటే ఇంట్లో రెండు రోజులు పండగే. మగ్గం చప్పుడుండదు. నాయిన తల అంటుకుని, కూర తెచ్చి, అమ్మతో నవ్వుతూ మాట్లాడేది ఆ రెండు రోజులే. బీము దిగిందంటే మనిషికి విడుదల. ఇంకేముంది, పదో పదిహేనో రోజులనుకుని ఆమె జొన్నరొట్టెలు కాల్చి ఎండబెట్టింది. బీడీలు చుడుతున్నా, దగ్గుతున్నా ఆ దారినే తలుచుకునేది. కొల్హాపూర్, ఘాటు, అడవి, సముద్రం.

అంబాదాస్ టెంపో పోయింది, వచ్చింది. మళ్ళీ పోయింది.

"బీము దిగలేదా?" అని ఆమె మొగుణ్ణి అడిగేది.

"ఇంక జరంత ఉన్నది."

రొట్టెలు పురుగు పట్టాయి. మళ్ళీ కాల్చింది. పక్కింటి యల్లమ్మ "ఏందే, కొంకణం ఇంకా కదలలేదా?" అని వేళాకోళమాడింది. ఆశ లావు, పీక సన్నం అంటారు. ద్రౌపదికి ఆ పీకలోంచి ఊపిరి కూడా సరిగ్గా రావడం లేదు. ఎండలు ముదిరాయి. మెట్లెక్కితే కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయి.

ఒకరోజు పోచయ్య అన్నం డబ్బా మరిచిపోయి కార్ఖానాకు పోయాడు. ద్రౌపది దాన్ని పట్టుకుని, అశోక్ చౌక్ వెనక గల్లీలో గోడకు గోడకు ఆగుతూ వెళ్ళింది. పోచయ్య కరెంటు సాంచల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేస్తాడని తెలుసు కానీ ఆమె లోపలికి పోవడం అదే మొదలు. చెవులు చిల్లులు పడే మోత. పోచయ్య నాలుగు సాంచల మధ్య అటూ ఇటూ ఉరుకుతున్నాడు. ఒకదాని మీద బీము అప్పుడే దిగినట్టుంది, ఒక ముసలాయన కూర్చుని కొత్త బీము పోగుల్ని పాత పోగులకు అతుకుతున్నాడు. పక్కదాని బీము సగంలో ఉంది. ఇంకొకటి అయిపోవస్తోంది. నాలుగోది నిండుగా లావుగా ఉంది.

ద్రౌపది గడపలోనే నిలబడిపోయింది. నాయినకు ఒక్కటే మగ్గం. అది ఆగితే అన్నీ ఆగేవి. ఇక్కడ ఒకటి ఆగితే మూడు నడుస్తాయి. ఎన్నేళ్ళు ఎదురుచూసినా ఆ మనిషికి విడుదల లేదు. నేతగాని బిడ్డనై ఉండి ఎట్ల మోసపోయాననుకుంది.

పోచయ్య బయటికి వచ్చాడు.

"నాలుగు బీములు ఒక్కనాడు దిగుతయా?" అని అడిగింది.

అతను తల వంచుకున్నాడు. "దిగయి."

"మరి దిగుతది, దిగుతది అని నాకెందుకు చెప్పినవ్?"

"నా జాగల బదిలీ మనిషిని పెట్టి పోతే వాడే ఉండిపోతడే. ఎంతమందివి గట్ల పోలేదు! సాంచలు పోతయని భయమైంది."

"సాంచలు పోతయని భయమైంది. మరి నేను పోతున్న గదా? అది కండ్లవడలేదా నీకు?"

పోచయ్య గోడకు ఆనుకుని ఏడ్చాడు. మగవాడు పట్టపగలు గల్లీలో ఏడుస్తుంటే చూడటం ఆమెకు కష్టంగా ఉంది. అయినా ఊరుకోమనలేదు. కోపం అంత ఉంది మరి.

తెల్లారి పోచయ్య మల్లేశమనే పనివాణ్ణి బదిలీకి పెట్టాడు. వచ్చినంక సాంచలు నీవేనని మల్లేశం మార్కండేయ స్వామి మీద ఒట్టేశాడు. పనివాళ్ళ మీద పెత్తనం చేసే ముకద్దం కూడా సరే అన్నాడు. ఆ గురువారం టెంపో వాడకట్టులోకే వచ్చింది. ముందు సీట్లో సరుకు పంపే సేటు గుమాస్తా, క్లీనరు ఉన్నారు. వెనక చాదర్ల మూటల మీదికి ద్రౌపదిని నలుగురు కలిసి ఎక్కించారు.

"సముద్రం నీళ్ళు సీసల తేవే, మేమూ చూస్తం," అన్నది యల్లమ్మ.

"నేనే తాగొస్త, నీకేం మిగలయి," అని ద్రౌపది నవ్వింది. ఆ నవ్వు చూసి పోచయ్య కూడా నవ్వాడు.

కానీ కిరాయి లేని చోటు కదా! కొత్త చాదర్ల నూగు, గంజి వాసన, పైన టార్పాలిన్. టెంపో వేగమందుకునేసరికి ఆ నూగంతా లేచింది. ఊరు దాటి ఎంతో దూరం పోలేదు, ద్రౌపదికి దగ్గు మొదలైంది. ఆగలేదు. నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు ఎర్రబడింది. పోచయ్య కేకలేస్తే అంబాదాస్ బండి ఆపాడు. చుట్టూ కోసేసిన జొన్నచేలు, ఒక్క చెట్టు లేదు.

"వెనకకు తీస్కపోదాం బావా. గీమె ఘాటు ఎక్కదు," అన్నాడు అంబాదాస్.

ద్రౌపది మూట కట్టిన తాడును రెండు చేతులతో పట్టుకుంది. "నన్ను దింపకురి. గా అడివి దాంక తీస్కపోరి. గాడ దింపురి. మీ కాళ్ళు మొక్కుత."

పోచయ్య ఆ వేళ్ళను ఒక్కొక్కటే విడదీసి దింపాడు. ఆమె బరువే లేదు. గుమాస్తా సరుకు చేరాలని తొందర పెడుతుంటే అంబాదాస్ కళ్ళు తుడుచుకుంటూ బండెక్కాడు. మొగుడూ పెళ్ళాం ఊళ్ళోకి పోయే బస్సు కోసం ఎండలో కూర్చున్నారు.

మరునాడు పోచయ్య కార్ఖానాకు పోయి, డబ్బా విప్పకుండానే తిరిగి వచ్చాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు! ద్రౌపది అడగాల్సిన అవసరం లేకపోయింది.

"మల్లేశం నా సాంచల మీదికెల్లి తల గూడ ఎత్తలేదే. ముకద్దం చూద్దాం తియ్యి అన్నడు."

ద్రౌపది గోడ పట్టుకుని లేచి కూర్చుని, నానిన ఆకు కట్ట, కత్తెర అతని ముందుకు నెట్టింది.

"కత్తిరియ్యి. నేను చుడత. ఇద్దరం తినాలె గదా."

పోచయ్య ఎన్నడూ ముట్టని పని అది. ఒక ఆకు తీసి, ఈనెల వైపు తిప్పి చూశాడు. రేకు ముక్క ఎటు పెట్టాలో తెలియక అటూ ఇటూ జరిపాడు. భార్య ముఖంలోకి చూడలేక ఆకునే చూస్తూ, ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాడు.

"గీ చెట్టు ఎంతెత్తు ఉంటదే?"

"నాకేం ఎరుక?" అన్నది ద్రౌపది.