మలుపు దగ్గర దీపాలు

పరిశోధనశాలలో అందరూ ఆమెను పురుగులమ్మ అనేవారు. ఆమె గదిలో రెండు గాజు అరలుండేవి. ఒకదానిలో దీపం పెందలాడే ఆరిపోతుంది. అక్కడి పురుగులు చలికాలం వచ్చిందనుకుని గూడు అల్లుకుని నిద్రపోతాయి. రెండోదానిలో వెచ్చదనమూ ఎక్కువే, వెలుగూ ఎక్కువే. అక్కడివి నిద్ర మాటెత్తవు, రెక్కలొచ్చి మళ్ళీ గుడ్లు పెడతాయి.

ఆ ఏడు ఆకులు రాలే కాలం వచ్చినా ఎండ తగ్గలేదు. ఆపిల్ తోట వేసిన తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, పురుగు పడుకునే వేళైంది కదా, కాయలకి మళ్ళీ కొత్త బెజ్జాలు పడుతున్నాయి. పక్కతోట ఆయన నవ్వుతున్నాడు, వైద్యుడి ఇంట్లోనే రోగమని. ఒకసారి వచ్చి చూడు."

వెళ్ళింది. లోపలి చెట్ల బెరడు ఎత్తితే పురుగులు బుద్ధిగా గూళ్ళలో ముడుచుకుని ఉన్నాయి. రోడ్డువార వరుసల్లో మాత్రం గూళ్ళన్నీ ఖాళీ. తలెత్తి చూసింది. మలుపు పొడుగునా కొత్త దీపస్తంభాలు.

కిందటేడు ఆ మలుపులోనే, చీకట్లో సైకిల్ మీద వస్తున్న తమ్ముడి భార్యని లారీ గుద్ది చంపేసింది. ఆ తర్వాత తమ్ముడు కాళ్ళరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగి ఆ దీపాలు వేయించాడు.

చెప్పక తప్పలేదు. "పొద్దు కురచైందని వాటికి తెలియట్లేదురా. ఎండా తగ్గలేదు, వెలుగూ తగ్గలేదు. వాటి లెక్కకి ఇది ఇంకా వేసవే."

"మందు కొడితే?"

"పురుగు కాయలో దూరింది. పైన కొట్టి ఏం లాభం?"

"పోనీ, దీపాలు..." అని ఆగిపోయాడు.

మర్నాడు ఆమే వీధిదీపాల ఇంజనీరు దగ్గరికెళ్ళి, తోట వైపు రేకులు అడ్డం పెట్టమని అడిగింది. అతను మంచివాడే. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, అంతా విన్నాడు.

"పెట్టొచ్చండీ. కానీ తోటవైపు రేకు పెడితే మలుపు లోపలి అంచు చీకటవుతుంది. మీ తమ్ముడుగారు సరేనంటే పైవాళ్ళతో మాట్లాడతాను."

తమ్ముడికి చెప్పింది. అతను కత్తితో ఒక కాయ కోసి, లోపలి నల్లటి బాటను చూస్తూ కూర్చున్నాడు.

"పిల్ల ట్యూషన్ నుంచి ఆ దారినే వస్తుందక్కా. నా నోటితో నేనెలా అననూ?"

ఆమె బలవంతపెట్టలేదు. ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది?

ఆ వారమంతా ఇద్దరూ రోడ్డువార వరుసల్లో కాయలు దులిపారు. బెజ్జం లేని కాయ చేతికి తగలడమే గగనమైంది. ఏరినవన్నీ గోతిలో పోసి మన్ను కప్పారు.

"వచ్చే ఏడు చలి తొందరగా వస్తే?" అన్నాడు తమ్ముడు, ఆఖరి గంప ఒక అంచు పట్టుకుని.

"వస్తే కొంత నయం."

"రాకపోతే?"

ఆమె గంపకు రెండో వైపు చెయ్యి వేసి ఎత్తింది.